ముందు పొద్దుటి సంగతి చూడండి, రాత్రి సంగతి తర్వాత

ప్రశ్న:

నమస్తే మేడమ్. నాకు ఇద్దరు పిల్లలు. పాప ఎనిమిదో తరగతి, బాబు మూడో తరగతి. నెలన్నర సెలవుల్లో ఇద్దరూ రాత్రి పన్నెండు దాటేదాకా మేలుకుని, పొద్దున తొమ్మిదిన్నరకో పదింటికో లేచేవాళ్లు. సెలవులే కదా అని నేనూ ఏమీ అనలేదు. సోమవారం స్కూల్ తెరిచారు, బస్సు ఏడున్నరకి. మొదటి రోజు కొత్త బ్యాగ్ ఉత్సాహంలో వెళ్లిపోయారు. మంగళవారం నుంచి బాబు లేవడు, లేపితే ఏడుపు. బుధవారం కడుపునొప్పి అంటే మాన్పించాను, పదింటికల్లా ఆడుకుంటున్నాడు. గురువారం మళ్లీ కడుపునొప్పి అనేసరికి కోపం ఆపుకోలేక కొట్టాను. ఏడుస్తూనే బస్సెక్కాడు. రోజంతా నాకు ఏ పనీ చెయ్యబుద్ధి కాలేదు. రాత్రి ఎనిమిదిన్నరకే లైటు తీసేసి పడుకోబెడుతుంటే పదకొండు దాకా దొర్లుతూనే ఉంటాడు. పాప పొద్దున మాట్లాడదు, రాత్రి ఫోన్ వదలదు. మావారేమో "నువ్వే గారాబం చేసి పాడుచేశావు, నాలుగు రోజులు గట్టిగా ఉంటే దారికొస్తారు" అంటున్నారు. తప్పు నిజంగా నాదేనా? పిల్లల్ని మళ్లీ గాడిలో పెట్టేదెలా?

జవాబు:

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. కొట్టిన సంగతి దాచకుండా రాశారు కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను, ఆ బరువు దిగితే గానీ మిగతా మాటలేవీ మీ మనసుకెక్కవు. ఇవాళే బాబు దగ్గర కూర్చుని "మొన్న నిన్ను కొట్టాను, కొట్టకూడదు, అది నా తప్పు, సారీ నాన్నా" అని చెప్పండి. అంతే, అక్కడితో ఆపేయండి. "కానీ నువ్వు కూడా టైముకి లేస్తే నాకెందుకు కోపమొస్తుంది చెప్పు" అని దానికి తోక తగిలించొద్దు, ఎందుకంటే ఆ "కానీ" తర్వాత వచ్చిన మాటే పిల్లాడికి గుర్తుండిపోతుంది, సారీ ఎగిరిపోతుంది. వాడు ఏమీ అనకపోవచ్చు, లేచి ఆటకి వెళ్లిపోవచ్చు. ఫరవాలేదు, విన్నాడు.

ఇక గారాబం మాట. సెలవుల్లో పిల్లలు ఆలస్యంగా పడుకుని ఆలస్యంగా లేవడం పెంపకంలో లోపం కాదు, సెలవులంటేనే అది. స్కూల్ తెరిచే ముందు ఒక పది రోజులు టైం కొంచెం కొంచెం ముందుకి లాక్కొచ్చి ఉంటే ఇప్పుడు ఇంత కష్టపడేవాళ్లు కాదు, అంతవరకూ నిజమే. కానీ ఇప్పుడు మొదలుపెట్టినా అవుతుంది. వచ్చేసారికి క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి.

మీవారు చెప్పిన నాలుగు రోజుల లెక్క దగ్గరే నాకు పేచీ ఉంది. గట్టిగా ఉండమన్నది తప్పని కాదు, ఏ విషయంలో గట్టిగా ఉండాలన్నదే ప్రశ్న. మన మెదడు లోపల హైపోథాలమస్ అనే చోట ఓ చిన్న కణాల గుంపు ఉంటుంది, ఒంట్లో ఎప్పుడు నిద్ర రావాలి, ఎప్పుడు మెలకువ రావాలి, ఎప్పుడు ఆకలేయాలి అన్నది నడిపించే గడియారం అదే. గోడ గడియారాన్ని చూసి అది టైం దిద్దుకోదు, కళ్లలో పడే వెలుతురుని చూసి దిద్దుకుంటుంది. ఇంకో సంగతి, దాని మానాన దాన్ని వదిలేస్తే చాలామందిలో అది ఒక చుట్టు తిరగడానికి 24 గంటల కన్నా కొంచెం ఎక్కువే తీసుకుంటుంది. అందుకే రోజూ కాస్త కాస్త ఆలస్యం వైపు జారిపోవడం ఎవరికైనా సుళువు, వెనక్కి లాక్కురావడమే కష్టం. సెలవులు మొదలైన మూడో రోజుకే పన్నెండింటి దాకా మేలుకోగలిగిన పిల్లాడు స్కూల్ తెరిచిన మూడో రోజుకి ఎనిమిదిన్నరకి ఎందుకు పడుకోలేకపోతున్నాడో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. ఈ గడియారం కణాల లోపల ఎలా నడుస్తుందో కనిపెట్టినందుకు జెఫ్రీ హాల్, మైకేల్ రాస్‌బాష్, మైకేల్ యంగ్ అనే ముగ్గురికి 2017లో వైద్యశాస్త్రంలో నోబెల్ ఇచ్చారు. మీవారితో ఈ ముక్క చెప్పండి, మొండితనం అని మనం పేరు పెట్టేసిన దాంట్లో సగానికి పైగా ఒంటి సంగతే.

మీరు రాసిన దాంట్లో నా మనసుకి బాగా పట్టిన దృశ్యం ఆ చీకటి గదిలో దొర్లుతున్న పిల్లాడు. ఎనిమిదిన్నరకి లైటు తీసేస్తున్నారు, వాడి ఒంటికి మాత్రం అది ఇంకా సాయంత్రమే. పైగా రోజూ నిద్రపట్టే టైముకి ముందు ఓ రెండు మూడు గంటలు ఒళ్లు అన్నిటికన్నా చురుగ్గా ఉండే సమయం, సరిగ్గా ఆ గంటల్లోనే మీరు వాణ్ని పడుకోమంటున్నారు. కళ్లు మూసుకోమంటే మూసుకుంటాడు, నిద్ర రమ్మంటే ఎక్కణ్ణించి వస్తుంది? ఆ రెండున్నర గంటలూ వాడు చీకట్లో చేసే పని ఒక్కటే, రేపటి స్కూల్ గురించి ఆలోచించడం. మంచం ఎక్కడమంటే దిగులుపడటం అని అలవాటైపోతుంది. అందుకని ఇవాళ రాత్రి నుంచి ఎనిమిదిన్నర లైటు మానేయండి.

నిద్రపుచ్చడం మీ చేతిలో లేదు, లేపడం మీ చేతిలో ఉంది. కాబట్టి గట్టిగా ఉండాల్సింది పొద్దున.

బస్సు ఏడున్నరకి కాబట్టి ఆరుంబావుకి లేపుతారనుకుందాం. రాత్రి ఎన్నింటికి పడుకున్నా సరే, బాగా నిద్రపోలేదని జాలేసినా సరే, లేచే టైం మారకూడదు. లేవగానే వెలుతురు పడాలి. కర్టెన్లు పూర్తిగా లాగేయండి, బ్రష్ నోట్లో పెట్టుకునైనా సరే ఓ పావుగంట ఇరవై నిమిషాలు బాల్కనీలోనో గుమ్మం ముందో నిలబడనివ్వండి. మబ్బు పట్టినా ఫరవాలేదు, మబ్బు రోజున బయట ఉండే వెలుతురు కూడా మనింట్లో ట్యూబ్‌లైటు కన్నా చాలా రెట్లు ఎక్కువ. ఆ పొద్దుటి వెలుతురే ఆ రాత్రి నిద్రని కాస్త ముందుకి తెస్తుంది. రాత్రి సంగతికొస్తే, ఇప్పుడు వాడికి పదకొండుకి నిద్రపడుతోందన్నారు కదా, మొదటి రాత్రి పదిన్నరకి పడుకోబెట్టండి, మర్నాడు పదింబావు, ఆ తర్వాత పది, అలా రోజుకో పావుగంట చొప్పున వెనక్కి జరపండి. పిల్లల నిద్ర సమస్యలు చూసే డాక్టర్లు వాడే పద్ధతే ఇది. ఏ రాత్రైనా అరగంట దాటినా నిద్రపట్టకపోతే ఆ టైం దగ్గరే ఇంకో రోజు ఆగండి, కంగారేం లేదు.

పదిన్నర నుంచి ఎనిమిదిన్నరకి రావాలంటే ఎనిమిది అంగలు, మధ్యలో ఒకటి రెండు తప్పుతాయి, మొత్తం పది రోజులు వేసుకోండి. ఎనిమిదిన్నర నుంచి ఆరుంబావు వరకు పావు తక్కువ పది గంటలు. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకి రోజుకి 9 నుంచి 12 గంటల నిద్ర కావాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో చెప్పింది, ఆ లెక్కలోకి మీ బాబు చక్కగా వచ్చేస్తాడు.

ఈ పద్ధతిలో ఒక ఇబ్బంది ఉంది, ముందే చెప్పేస్తాను. మొదటి నాలుగైదు రోజులు వాడికి నిద్ర చాలదు. సాయంత్రం స్కూల్ నుంచి రాగానే సోఫాలో ఒరిగిపోతాడు, మీకు ప్రాణం ఉసూరుమంటుంది, పడుకోనీలే పాపం అనిపిస్తుంది. ఆ సాయంత్రం గంటన్నర నిద్రపోయాడంటే రాత్రి మళ్లీ పదకొండే. మరీ తూలిపోతుంటే ఇరవై నిమిషాలు పడుకోనిచ్చి లేపండి, లేదంటే బయటికి ఆటకి పంపండి. ఆ నాలుగైదు రోజులూ వాడు చిన్నదానికీ ఏడుస్తాడు, పెన్సిల్ ముల్లు విరిగినా ఏడుస్తాడు. అది నిద్ర ఏడుపు, బుద్ధులు చెప్పి ఆపేది కాదు.

శని, ఆదివారాల్లో చాలామంది చేతులెత్తేస్తారు. వారమంతా కష్టపడి తెచ్చింది ఆదివారం పదింటి దాకా పడుకుంటే పోతుంది, సోమవారం మళ్లీ మొదటికి. మరీ కావాలంటే ఓ ముప్పావుగంట ఎక్కువ పడుకోనివ్వండి, అంటే ఏడింటికి కర్టెన్ తీసెయ్యాల్సిందే.

లేపే తీరు గురించి కూడా కొంచెం చెప్పాలి. నేను పదిహేడేళ్లు చిన్న తరగతులకి పాఠాలు చెప్పాను, ఇద్దరు పిల్లల్ని పెంచాను, అయినా ఇంట్లో వంటగదిలోంచి కేకలేస్తూ పిల్లల్ని లేపడం ఎంత పనికిరాని పనో తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. మా చిన్నవాడు ఒక కాలికి సాక్స్ వేసుకుని, రెండోది చేతిలో పట్టుకుని, గోడ వంక చూస్తూ మంచం అంచున అలా కూర్చుండిపోయేవాడు. "ఏంటి ఇంకా సాక్సేనా, బస్సొచ్చేస్తోంది, నీళ్ల సీసా పెట్టుకున్నావా, డైరీ ఏది" అని ఒక్క ఊపిరిలో నేను నాలుగు అడిగితే ఒక్కదానికీ జవాబుండేది కాదు. నన్ను లెక్కచెయ్యడం లేదనుకుని మండిపోయేదాన్ని. కళ్లు తెరిచినా మెదడు పూర్తిగా మేలుకోవడానికి ఇంకో పావుగంటో అరగంటో పడుతుంది, నిద్ర తక్కువైతే ఇంకా ఎక్కువే పడుతుంది, ఆ సమయంలో చెప్పిన మాట లోపలికి వెళ్లదు. అది తెలిశాక నేను చేసిందల్లా పదిహేను నిమిషాలు ముందు లేపడం, వీపు మీద చెయ్యేసి రెండు నిమిషాలు పక్కన కూర్చోవడం, ఒకసారికి ఒకే మాట చెప్పడం. "ముందు సాక్స్." అది అయ్యాక "ఇప్పుడు షూ." ప్రశ్నలు అస్సలు లేవు. పొద్దున అడగాల్సినవన్నీ రాత్రే అయిపోవాలి, బ్యాగ్ సర్దడం, యూనిఫాం తీసి పెట్టడం, నీళ్ల సీసా, డైరీ మీద సంతకం, అన్నీ రాత్రే, అదీ బాబు చేత్తోనే, మీరు పక్కనుండి చూస్తే చాలు.

పడుకునే ముందు గంట రోజూ ఒకే వరసలో జరిగితే బాగుంటుంది. టీవీ, ఫోన్ ఆపేయడం, గోరువెచ్చటి నీళ్లతో స్నానం, పెద్ద లైటు తీసేసి చిన్నది వేసుకోవడం, ఓ కథ. పిల్లల కళ్లలోకి పెద్దవాళ్ల కళ్లలో కన్నా ఎక్కువ వెలుతురు వెళ్తుంది, అందుకే రాత్రి పూట కళ్లలో పడే వెలుతురుకి వాళ్ల నిద్ర ఇంకా తొందరగా చెదురుతుంది. సాయంత్రం దాటాక కాఫీ, టీ, కోలా లాంటివి ఇద్దరికీ వద్దు. ఇంతకన్నా ఇందులో చెప్పేదేమీ లేదు.

ఇప్పుడు కడుపునొప్పి. నేను ఈ జవాబు ఇంత పొడుగ్గా రాయడానికి అసలు కారణం ఇదే.

అది నాటకం కాదు. పదింటికల్లా ఆడుకుంటున్నాడు కదా అంటారు, నిజమే, కానీ బస్సు వెళ్లిపోయాక భయం పోయింది, భయం పోతే నొప్పీ పోయింది. మెదడుకీ పేగులకీ మధ్య నరాల దారి ఉంది, టెన్షన్ పడితే పెద్దవాళ్లకైనా కడుపులో తిప్పుతుంది, ఎనిమిదేళ్ల పిల్లాడికి "నాకు దిగులుగా ఉందమ్మా" అని చెప్పే మాటలు ఇంకా రావు కాబట్టి కడుపు చెబుతుంది. అలాగని ప్రతి నొప్పినీ దిగులు ఖాతాలో వేసేయొద్దు. జ్వరం, వాంతులు, విరేచనంలో రక్తం, బరువు తగ్గడం, అర్ధరాత్రి నొప్పితో నిద్రలేవడం, ఎప్పుడూ ఒకే చోట నొప్పి అనడం, సెలవు రోజు కూడా నొప్పి రావడం, వీటిలో ఏది ఉన్నా ముందు డాక్టర్‌కి చూపించండి. ఇవేవీ లేకుండా స్కూల్ ఉన్న రోజు పొద్దున మాత్రమే వచ్చి పోతుంటే అది స్కూల్‌కి సంబంధించిన నొప్పి.

అలాంటప్పుడు "నొప్పేం లేదు, నడు" అనకూడదు, "సరే మానెయ్" అని కూడా అనకూడదు. మొదటిది అంటే మీరు నమ్మలేదని బాధపడతాడు, రెండోది అంటే బుధవారం జరిగిందే జరుగుతుంది, ఇంట్లో ఉంటే నొప్పి పోయిందన్న సంగతి ఒళ్లు నేర్చుకుంటుంది, గురువారం ఇంకాస్త గట్టిగా వస్తుంది. మానిన ప్రతి రోజూ మర్నాడు వెళ్లడాన్ని ఇంకా కష్టం చేస్తుంది. నేనైతే ఇలా అంటాను: "నొప్పిగా ఉందని నాకు తెలుసు. కాసేపు కూర్చో, పొట్ట మీద చెయ్యి పెట్టుకో. మనం వెళ్దాం. అక్కడ బాగా ఎక్కువైతే టీచర్‌కి చెప్పు, నాకు ఫోన్ చేస్తారు." ఈ మాట టీచర్‌తో ముందుగానే మాట్లాడి పెట్టుకోండి, అప్పుడది ఉత్తుత్తి మాట కాదని వాడికి తెలుస్తుంది.

అసలు దేనికి భయపడుతున్నాడో కూడా తెలుసుకోవాలి కదా. "స్కూల్ ఎలా ఉంది?" అంటే "బాగుంది" అంటాడు, ఆ ప్రశ్నకి పిల్లలందరి దగ్గరా ఉండే జవాబు అదొక్కటే. ఎదురుగా కూర్చోబెట్టి అడగొద్దు. పక్కపక్కన నడుస్తున్నప్పుడో, బట్టలు మడతపెడుతున్నప్పుడో, కళ్లలో కళ్లు పెట్టి చూడక్కర్లేని చోట, చిన్న ప్రశ్నలు అడగండి. ఈ ఏడాది ఏ బెంచీలో కూర్చున్నావు? పక్కనెవరు? లంచ్ బాక్స్ ఎవరితో కూర్చుని తెరుస్తున్నావు? బాత్‌రూమ్‌కి వెళ్తానంటే కొత్త టీచర్ పంపిస్తున్నారా? (ఈ చివరి ప్రశ్న తప్పకుండా అడగండి, మూడో తరగతి పిల్లల దిగుళ్లలో సగం అక్కడే ఉంటాయి, అడిగేవాళ్లు తక్కువ.) బస్సులో ఎక్కడ కూర్చుంటున్నావు?

నా క్లాసులో ఒకసారి ఇలాగే సెలవుల తర్వాత రోజూ పొద్దున వాంతి వచ్చేలా ఉందనే పిల్లాడొకడు ఉండేవాడు. వాళ్లమ్మ డాక్టర్‌కి కూడా చూపించింది, ఏమీ లేదన్నారు. పదో రోజున నేను బల్లల మధ్య నడుస్తూ పడిపోయిన స్కేలు తీద్దామని వంగితే, వాడి బ్యాగ్‌లో అన్నిటికన్నా అడుగున, అట్ట కింద పెట్టి అదిమేసిన నోట్‌బుక్ ఒకటి కనిపించింది. సెలవుల హోంవర్క్. మొదటి పేజీలో తేదీ, కింద గీత, చక్కగా స్కేలుతో గీసిన గీత, ఆ తర్వాత పేజీలన్నీ ఖాళీ. పది రోజులుగా ఎవరైనా అడుగుతారేమోనని ఆ పిల్లాడు రోజూ దాన్ని మోసుకొస్తున్నాడు, ఇంట్లో వదిలేస్తే అమ్మ చూస్తుందని, తెస్తే నేను చూస్తానని. నేను ఆ నోట్‌బుక్ తీసుకుని "ఇది నా దగ్గరుంటుందిలే, రోజుకో పేజీ ఇక్కడే చేద్దాం" అన్నాను. మర్నాటి నుంచి వాంతులు లేవు. ఆ పిల్లాడి మొహం నాకు ఇప్పటికీ గుర్తే, వాడు అన్ని రోజులు పడ్డ భయాన్ని తలుచుకుంటే ఇప్పటికీ గుండె నొక్కినట్టవుతుంది. కాబట్టి మీ బాబు బ్యాగ్ అడుగు కూడా ఒకసారి చూడండి, వాడి ఎదుటే, తిట్టకుండా. అలాంటిదేదైనా బయటపడితే టీచర్‌కి మీరే చెప్పండి, గడువు మీరే అడగండి, రాయడం మాత్రం వాడే రాయాలి.

అలాగే షూ. నవ్వుకోకండి. పిల్లల పాదాలు నెలన్నరలో కూడా పెరుగుతాయి, సెలవులంతా చెప్పుల్లోనో వట్టి కాళ్లతోనో తిరిగి ఉంటారు. షూ వేయించి నిలబెట్టి ముందు భాగం నొక్కి చూడండి, బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. వేళ్లు నొక్కుకుపోతున్న షూతో రోజంతా కూర్చోవాలంటే ఎవరికైనా స్కూల్ మీద విసుగే వస్తుంది, పిల్లలు అది షూ వల్లని చెప్పలేరు. యూనిఫాం నడుము దగ్గర బిగుతైందేమో కూడా చూడండి, కడుపునొప్పి అంటున్నాడు కదా.

రెండు మూడు వారాలు ఇవన్నీ చేసినా ఏడుపు తగ్గకపోతే, లేదా ఎవరో కొడుతున్నారని, ఏడిపిస్తున్నారని, ముట్టుకుంటున్నారని చిన్న మాటైనా వాడి నోట వస్తే, అప్పుడు నిద్రా టైమూ అన్నీ పక్కనపెట్టి వెంటనే స్కూల్‌కి వెళ్లి మాట్లాడండి. అవసరమైతే పిల్లల మానసిక నిపుణుల్ని కలవండి. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

చదువు మాట మీరు రాయలేదు, కానీ ఈ వారంలో అది కూడా వస్తుంది. ఎక్కాలు మర్చిపోయాడని, అక్షరాలు వంకర్లు పోయాయని మీరు హడలిపోతారు. సెలవుల్లో మర్చిపోవడం చాలామంది పిల్లల్లో ఉండేదే. అమెరికన్ పరిశోధకుడు హ్యారిస్ కూపర్ బృందం 1996లో అప్పటిదాకా జరిగిన 39 పరిశోధనల్ని చూసి, వాటిలో కొత్తవైన 13 కలిపి లెక్కేస్తే వేసవి సెలవుల తర్వాత పిల్లలు సగటున ఒక నెల చదువంత వెనకబడుతున్నారని, లెక్కల్లో ఇంకొంచెం ఎక్కువని తేలింది. కానీ ఒకసారి నేర్చుకుని మర్చిపోయింది రెండోసారి నేర్చుకోవడానికి మొదటిసారంత టైం పట్టదు. అందుకని ఈ పది రోజులూ రోజుకి పది నిమిషాల ఎక్కాలు, అరపేజీ రాత, అంతకుమించి వద్దు. నెలన్నర పెన్సిల్ పట్టని చెయ్యి నొప్పెడుతుంది, "చెయ్యి నొప్పి" అంటే అదీ నిజమే. కొత్త ట్యూషన్, కొత్త డ్యాన్స్ క్లాస్ ఏవైనా మొదలుపెట్టాలనుకుంటే వచ్చే నెలకి వాయిదా వెయ్యండి. రాగానే హోంవర్క్‌కి కూడా కూర్చోబెట్టొద్దు. స్కూల్లో రోజంతా బుద్ధిగా ఉండి ఉండి అలసిపోయిన పిల్లలు ఇంటికొచ్చాక అమ్మ దగ్గరే పేచీ పెడతారు, మీ దగ్గర భయం లేదు కాబట్టి పెడతారు. ఓ ముప్పావుగంట ఏమీ అడగకుండా వదిలేయండి.

పాప సంగతి వేరు, బాబుకి చెప్పిందే తనకీ చెప్పలేను. పదమూడేళ్లు వచ్చేసరికి ఆ లోపలి గడియారమే ఆలస్యం వైపు జరుగుతుంది, నిద్ర తెప్పించే మెలటోనిన్ రాత్రి ఇంకా ఆలస్యంగా మొదలవుతుంది, అది వయసుతో వచ్చే మార్పు. ఆ వయసు పిల్లలకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి, పొద్దున ఆరుంబావుకి లేవాలంటే ఎలా కుదురుతుంది? అందుకే పెద్ద తరగతుల స్కూళ్లు ఎనిమిదిన్నర కన్నా ముందు మొదలుపెట్టొద్దని అమెరికాలో పిల్లల డాక్టర్ల సంఘం 2014లో కోరింది. మన బస్సు టైం మన చేతిలో లేదు, కానీ పొద్దున పాప మాట్లాడకపోవడాన్ని పొగరని మాత్రం అనుకోకండి. ఆ టైములో తను సగం నిద్రలోనే ఉంది. మీరూ మాట్లాడకండి, తల నిమిరి పంపేయండి.

ఫోన్ దగ్గర మాత్రం మెత్తబడొద్దు. అలాగని లాక్కోవద్దు, లాక్కుంటే రేపటి నుంచి దుప్పటి కింద చూస్తుంది. ఆదివారం మధ్యాహ్నం, ఇంట్లో గొడవేమీ లేని టైములో కూర్చోబెట్టి "నువ్వు పది గంటలకల్లా పడుకోవాలి, ఎలా చేద్దామో నువ్వే చెప్పు" అని అడగండి. తను పదిన్నర అంటుంది, మీరు పది అంటారు, పదింబావు దగ్గర ఆగుతారు, అది తను ఒప్పుకున్న టైం కాబట్టి నిలబడే అవకాశం ఎక్కువ. ఆ టైముకి ఫోన్ పడగ్గదిలో ఉండకూడదు, హాల్లో ఛార్జింగ్‌కి పెట్టాలి. మీ ఫోన్, మీవారి ఫోన్ కూడా అక్కడే. ఈ ఒక్కటీ మీరిద్దరూ చెయ్యకపోతే పాపని అడిగే హక్కు మనకి ఉండదు, తనే ఆ మాట అంటుంది, అది న్యాయమే. అలారానికి ఫోన్ కావాలంటే ఒక మామూలు అలారం గడియారం కొనివ్వండి.

ఒక పొరపాటు చాలా ఇళ్లలో జరుగుతుంది, పాపతో "తమ్ముణ్ణి నువ్వైనా లేపు, నువ్వు పెద్దదానివి కదా" అంటాం. తన పొద్దున తనకే బరువుగా ఉంది, తమ్ముడి బరువు కూడా పెట్టకండి.

మీవారికి ఒక పని అప్పజెప్పండి, సలహాలకన్నా అదే ఉపయోగం. పొద్దున కర్టెన్ తీసి బాబుని లేపి బాల్కనీలోకి తీసుకెళ్లే పని ఈ పది రోజులూ ఆయనది. కేకలు లేకుండా, ఆరుంబావు అంటే ఆరుంబావే. గట్టిగా ఉండాలన్నారు కదా, ఆ గట్టిదనం అక్కడ బాగా పనికొస్తుంది, పైగా రాత్రి కథ చెప్పే అమ్మ, పొద్దున లేపే అమ్మ, తిట్టే అమ్మ, బస్సెక్కించే అమ్మ అన్నీ మీరొక్కరే అయితే గురువారం లాంటి రోజులు మళ్లీ వస్తాయి. పిల్లల ముందు మాత్రం "నువ్వే పాడుచేశావు" అనే మాట రానివ్వొద్దని ఆయనకి చెప్పండి. తన కడుపునొప్పి వల్ల అమ్మకి మాట పడిందని బాబు అనుకుంటే ఆ నొప్పి ఇంకా పెరుగుతుంది.

ఈ జవాబు మీకు అందేసరికి శనివారం వచ్చేస్తుంది. రేపు ఆరుంబావుకి లేపలేకపోతే ఏడింటికైనా లేపండి, ఆ తర్వాత షూ చూడండి, బ్యాగ్ ఇద్దరూ కలిసి ఖాళీ చేసి మళ్లీ సర్దండి, రాత్రి పదిన్నరకి పడుకోబెట్టండి. నాలుగో రోజు పొద్దున వాడు మళ్లీ ఏడుస్తాడు, అప్పుడు ఇదంతా దండగ అనిపిస్తుంది, ఆ రోజు మానేయకండి. పదో రోజు దాటాక నాకు రాయండి. బ్యాగ్ అడుగున ఏం దొరికిందో, పక్క బెంచీ పిల్లాడెవరో, అవి కూడా రాయండి, ఎదురుచూస్తుంటాను.